ఒంటిచేతి పులిహోర

అమ్మవారి పండగ ఆదివారం. బుధవారం పొద్దున్నే వాసుదేవరావుగారు రాజబాబు దోసెల బండి దగ్గరికి వచ్చి కూర్చున్నారు. యాంగోన్‌లోని లత పేటలో పప్పుల కొట్టున్న మనిషి, గుడి కమిటీకి పెద్ద. అలాంటాయన ఆ వేళప్పుడు మింగళ తౌంగ్‌న్యున్ పేట సందులోకి పనిగట్టుకుని వచ్చారంటే ఏదో ఉందన్నమాటే. రాజబాబు అడగలేదు. పెనం మీద నీళ్లు చిలకరించి, తుడిచి, పిండి పల్చగా తిప్పి, అంచులు లేచేదాకా ఆగి తీసి పెట్టాడు. ఆయన ఒకటి తిన్నారు. రెండోది వేయించుకుని అదీ తిన్నారు. చట్నీ వేలితో తుడుచుకుని మరీ తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక గానీ అసలు మాట బయటికి రాలేదు.

"నువ్వు ఆ క్లినిక్కి వెళ్తున్నావటగా రాజబాబూ."

రాజబాబు చేతిలో గరిటె ఆగిపోయింది. ఏ క్లినిక్ అని అడగక్కర్లేదు. యాంగోన్‌లో ఎన్ని క్లినిక్కులైనా ఉండనీ, ఆ గొంతుతో అడిగేది ఒక్కదాని గురించే.

"ఎవులు సెప్పినారు బాబూ?"

"ఎవరో నిన్ను వరసలో చూసారు. ఎవరైతేనేం, కమిటీ అందరికీ తెలిసిపోయింది. నిజమేనా?"

షుగరు మందుల కోసమని ఒక అబద్ధం ఆడేయొచ్చు. తొమ్మిదేళ్లుగా అవసరమైన చోటల్లా అదే ఆడుతున్నాడు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి తన చేతి వంట ఇప్పుడే తిన్నాడు. ఆ మనిషితో అబద్ధం నోటికి రాలేదు.

"నిజమే బాబూ. తొమ్మిదేళ్లయినాది. ఒక్క పూట మందు తప్పలేదు నాను."

వాసుదేవరావుగారు తలూపారు. ఆయన ముఖంలో కోపం లేదు, అసహ్యమూ లేదు. అదే వచ్చిన చిక్కు. కోపమే ఉంటే రాజబాబు కూడా నాలుగు మాటలు అనేవాడు.

"నాకేం పట్టింపు లేదయ్యా, ఇదిగో నీ ఎదటే తిన్నాను కదా. పులిహోర సంగతే ఇప్పుడు తేలాలి."

ఆ పులిహోర సంగతి కాస్త చెప్పాలి. బర్మా రేవులో మూటలు మొయ్యడానికి విశాఖపట్నం నుంచి, శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాతల నాటి నుంచీ ఆ గుడిలో ఒక ఆచారం ఉంది. అమ్మవారి నైవేద్యానికి ఆవపెట్టిన పులిహోర కలపాలి. ఆరొందల మందికి సరిపడా అన్నం కొత్త చాపల మీద గుట్టగా పోస్తారు. దాన్ని మొదట్నుంచి చివరిదాకా ఒకే మనిషి, ఒట్టి చేతులతో, మోచేతుల దాకా ముంచి కలపాలి. గరిటె తగలకూడదు, రెండో మనిషి చెయ్యి పడకూడదు. ఒంటిచేతి పులిహోర అంటారు దాన్ని. నైవేద్యం అయ్యేదాకా చవి చూడ్డానికి కూడా లేదు. ఉప్పూ పులుపూ వాసన పట్టి తెలుసుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఆ చెయ్యి రాజబాబుదే. వీధిలో దోసెలు పోసుకునేవాడు ఆ ఒక్క రోజూ కొత్త పంచె కట్టుకుని, చాపల మధ్య కూర్చుని, రాజులా ఉంటాడు.

"తిండి వల్ల రాదు బాబూ ఇది. క్లినిక్ నర్సమ్మలు, ఆ సయామలే, బోర్డు రాసి గోడకి పెట్టీసినారు."

"నాకు తెలుసు. ఆరొందల మందికి నువ్వు చెప్తావా, నేను చెప్పనా? ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని కలపమందామని ఒకాయన అన్నాడు. అమ్మవారి అన్నానికి ప్లాస్టికేమిటని పూజారి మండిపడ్డాడు. అందుకని నేనొకటి ఆలోచించాను." ఆయన ముందుకి వంగారు. "రక్తం పరీక్ష ఉంటుందట కదా, ఒంట్లో అది ఎంత ఉందో లెక్క చెప్పేది. నీ లెక్క బాగుందని పేపరు తీసుకురా. ఆ పేపరు పెట్టి నేను అందరి నోళ్లూ మూయిస్తాను. ఆదివారం పొద్దున్నకల్లా తేవాలి. నీ చెయ్యి పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదయ్యా."

ఆయన నిజంగానే ఇష్టం లేకుండా చెప్పారు. అందుకే రాజబాబు తల ఊపేసాడు. ఆయన వెళ్లాక పెనం మీద పిండి మాడి కంపు కొట్టేదాకా అలాగే నిలబడ్డాడు.

*

గురువారం బండి పెట్టలేదు. రెండు బస్సులు మారి ఎనిమిదింటికల్లా క్లినిక్ చేరాడు. ధర్మ సంస్థ వాళ్లు నడిపేది, రెండు గదులూ ఒక వరండా. వరండాలో అప్పటికే ముప్ఫై మంది ఉన్నారు. పేరు పిలవరు అక్కడ, చేతిలో అట్టముక్క మీద నంబరే పిలుస్తారు. అది మర్యాద.

సయామ తీదా అక్కడ పెద్ద నర్సు. అరవై దగ్గర పడుతున్న బర్మా ఆవిడ, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని మనిషిని పైనుంచి చూస్తుంది. రాజబాబు సంగతంతా విని కార్డు తిరగేసింది.

"నీ పరీక్ష ఇంకా రెండు నెలలకి కదా, కో రాజా." కో అంటే బర్మాలో పేరు ముందు పెట్టే మర్యాద మాట.

"ఈవేళే కావాల సయామా."

ఆ పరీక్షని డాక్టర్లు వైరల్ లోడ్ అంటారు. రక్తంలో ఆ హెచ్ఐవీ పురుగు ఎంత ఉందో కొలిచి చెబుతుంది. వరండాలో కూర్చునేవాళ్ల నోట్లో పడి అది ఒట్టి 'లోడు' అయిపోయింది. నీ లోడెంత, నా లోడెంత అని చెవిలో అడుగుతారు. వెయ్యి దాటితే మందు సరిగ్గా పని చెయ్యడం లేదని లెక్క. యంత్రంలో పెట్టే ప్లాస్టిక్ డబ్బా మనిషికి ఒకటి కావాలి. ఈమధ్య ఆ డబ్బాలు సరిగ్గా రావడం లేదు. వచ్చినవాటిని గర్భిణులకీ, పిల్లలకీ, లోడు పెరిగినవాళ్లకీ దాచి దాచి వాడుతున్నారు. తొమ్మిదేళ్లుగా బాగున్నవాడికి తొందరగా చెయ్యమంటే ఎలా చేస్తారు?

"పులిహోరకీ దీనికీ సంబంధం లేదని వాళ్లకి చెప్పు," అంది సయామ. బర్మాలోనే అంది, గానీ పులిహోర అన్న మాట మాత్రం వీళ్లలాగే పలికింది. రాజబాబు ఏటా తెచ్చి పెడతాడు మరి. "అన్నం వల్ల రాదు. నీ లోడు సున్నా అయినా రాదు, లక్ష అయినా రాదు. అసలు అన్నానికి పేపరు అడగడమేంటి?"

"ఆలకి పేపరే కావాల సయామా. ఇరవై ఏళ్లు కలిపినాను. ఆ ఒక్క దినం కోసరమే ఏడాదంతా ఈ సేతులు మోస్తన్నాను."

రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించాడు. సయామ కళ్లద్దాలు తీసి కాసేపు తుడుచుకుంది.

"ఊరి చివర మింగళాడోన్ నుంచి ఒకామె రావాలి. ఈవేళ రాలేనని ఫోన్ చేసింది, దారిలో తనిఖీలట. యంత్రంలో నాలుగు గళ్లు, ఒకటి ఖాళీ. నీ ఏడాది పరీక్ష ఇప్పుడే చేసేస్తాను. రెండు నెలల తరవాత మళ్లీ అడక్కు. సరేనా?"

రాజబాబుకి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపి, పిడికిలి బిగించి కూర్చున్నాడు.

రక్తం ఇచ్చి దూది నొక్కుకుంటూ బయటికి వస్తే, బెంచీ చివర పద్మిని కనబడింది. ఆమె కూడా మోచేతి దగ్గర దూది నొక్కుకునే ఉంది. వీళ్ల సందులోనే ఉంటుంది పద్మిని. మొగుడు పోయాక మింగళాడోన్ వైపు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. పండగ రోజుల్లో గుడి వెనక కుళాయి దగ్గర గుండిగలు తోమేది ఆమే. రెండేళ్ల కిందట ఇదే వరండాలో ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ ముఖాలు తిప్పేసుకున్నారు. మూడోసారికి నవ్వు వచ్చేసింది ఇద్దరికీ. ఆ తరవాత ఇక్కడ కలిస్తే పక్కపక్కన కూర్చుంటారు, సందులో కలిస్తే ఏమీ తెలీనట్టుంటారు. ఆమె సంగతి రాజబాబు పెళ్లానికి కూడా చెప్పలేదు.

"మళ్లీ సేస్తన్నారన్నా నాకు," అంది పద్మిని. "అప్పుడు పదెనిమిది వేలొచ్చింది కదా. మూడు నెలలు సయామ సెప్పినట్టే మింగినాను. ఈసారేటొస్తాదో."

"తగ్గుతాదిలే. రాత్రి డ్యూటీ మానేసినావు కదా."

"మానీసినాను. ఆ డ్యూటీలోనే కదా మాత్తర్లు తప్పిపోయినాయి. మిషను కాడ మాత్తర తీస్తే పక్కది అడుగుతాది, అదేటని."

అద్దం కిటికీలోంచి లోపల గది కనిపిస్తోంది. గొట్టాలు గిర్రున తిరిగే డబ్బా ఆగాక, సయామ ఒక్కో గొట్టం తీసి పసుపుగా తేరుకున్న పైనీటిని సన్నటి గొట్టంతో పీల్చి, ప్లాస్టిక్ డబ్బాలోకి దించింది. చుక్క చిందలేదు. పోపులో నూనె పోసేటప్పుడు తన చెయ్యి కూడా అలాగే ఆగుతుందని రాజబాబు అనుకున్నాడు. పని తెలిసిన చేతిని చూస్తే అతనికెప్పుడూ ముచ్చటే. నాలుగు డబ్బాలు నాలుగు గళ్లలోకి వెళ్లాయి. పచ్చ దీపాలు వెలిగాయి. గంటన్నర పడుతుంది. ఆలోగా కమిటీ పేపరు అడిగిన సంగతి పద్మినికి చెప్పాడు.

గంట తరవాత కరెంటు పోయింది. వరండాలో ఫ్యాన్లు ఆగాయి. అందరూ ఒక్కసారి ఆ కిటికీ వైపే చూసారు. పచ్చ దీపాలు ఆరలేదు. బ్యాటరీ మోస్తోంది. వెనకాల ఎవరో జనరేటరు తాడు లాగారు, రెండు మూడు లాగుళ్లకి అది అందుకుంది.

ముందు రాజబాబు నంబరే పిలిచారు. సయామ కాగితం తన వైపు తిప్పుకుని చదివి, అతని వైపు తిప్పింది. "వెతికితే దొరకలేదు. ఉంది, ఒంట్లో ఎక్కడో నిద్రపోతూ ఉంది. కానీ యంత్రానికి దొరకనంత తక్కువ. మందు మానావంటే మళ్లీ లేస్తుంది, గుర్తుంచుకో."

"మానను సయామా."

ఆ కాగితం రెండు చేతులతో అందుకున్నాడు. తనకి చదవడం రాని ఇంగ్లీషులో ఉన్నా, కింద ఎర్ర ముద్ర మాత్రం బాగా తెలుస్తోంది. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బయటికి వస్తూంటే నడక మారిపోయింది, అతనికే తెలిసింది.

పద్మిని లోపల చాలాసేపు ఉంది. వచ్చి పక్కన కూర్చుని దూది ఉండ చేస్తూ ఉండిపోయింది.

"ఎంతమ్మా?"

"నాలుగు వేల మూడొందలు. తగ్గింది గానీ సాలదంట. మందు మారుస్తారంట. కొత్త మందుకి మళ్లీ ఎన్నాళ్లు పడతాదో." కళ్లు తుడుచుకుని, "మీదెంతన్నా?" అంది.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం నీళ్లు నమిలాడు. "నాది దొరకలేదంట."

పద్మిని ముఖం విప్పారింది. ఆమె సంతోషంలో కల్తీ లేదు. "అమ్మ దయన్నా. పేపరు సూపించీయండి, ఇంకెవులూ నోరెత్తరు. మీ సెయ్యి పడకపోతే అది పులిహోరేటి?"

బస్సులో ఆమె ముందు సీట్లో, అతను వెనక. నాలుగు వేల మూడొందలన్న మాట విన్నాక జేబులో కాగితం ఇంకాస్త విలువైనదిగా అనిపించింది రాజబాబుకి. తను ఒక గట్టున, ఆమె ఇంకో గట్టున. సిగ్గుపడాల్సిన సంగతే. అప్పుడు మాత్రం సిగ్గు వెయ్యలేదు.

*

శనివారం మధ్యాహ్నం నుంచి గుడి వెనక వంటశాలలో పని మొదలైంది. జోగి అనే ఆయన పొయ్యిలు పేర్చి, కట్టెలు ఎండలో పరిచాడు. రాజబాబు చింతపండు ఈనెలు తీసి నానబెట్టాడు, ఆవాలు చాటలో చెరిగి రాళ్లేరాడు, కరివేపాకు రెమ్మలు దూసాడు. ఇవన్నీ ఎవరైనా చెయ్యొచ్చు, ఎవరూ కాదనలేదు. కానీ అతను చింతపండు బానలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు అటు చూసి ఇటు చూస్తున్నారు. రాజబాబు పట్టించుకోలేదు. రేపటితో వీళ్ల చూపులు సరి అనుకున్నాడు.

సాయంత్రం వాసుదేవరావుగారు వచ్చి, వంటశాల మధ్యలో నిలబడి గట్టిగానే అడిగారు. "పని అయిందా?"

"అయినాది బాబూ. రేపు తెస్తాను."

"శభాష్. మాట నిలబెట్టావు." ఆయన ముఖంలో నిజమైన ఊరట. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగారు. "ఇదీ పద్ధతంటే. నేనొకటి అనుకున్నాను. రేపు మీటింగులో రాయించేస్తాను. వచ్చే ఏడు నుంచి వంట దగ్గర చెయ్యి పెట్టేవాళ్లు ఎవరైనా సరే, అన్నం వార్చేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లతో సహా, అందరూ రక్తం పేపరు తేవాలి. ఎవరి మీదా ప్రత్యేకించి అనుమానం ఉండదు. రాజబాబు దారి చూపించాడు, అందరికీ ఒకటే రూలు. ఏమంటారు?"

బాగుందన్నారు అందరూ. ఎందుకు బాగోదు, వినడానికి న్యాయంగానే ఉంది.

కుళాయి దగ్గర గుండిగలో కొబ్బరి పీచు తిరుగుతున్న చప్పుడు ఆగింది. పద్మిని గుండిగలోకి వంగి ఉంది, తల కనిపించడం లేదు. చెయ్యి మాత్రం ఆగింది. కాసేపటికి మళ్లీ తిరగడం మొదలెట్టింది, మునుపటి కంటే నెమ్మదిగా. రాజబాబు చేతిలోని కరివేపాకు రెమ్మ కింద పెట్టేసాడు. జేబులో కాగితం ఎన్నిసార్లు తడుముకుని చూసుకున్నాడో ఈ మూడు రోజుల్లో, దాని వల్ల ఇంకొకళ్ల నోటి దగ్గర తిండి లాంటి పని పోతుందని ఒక్కసారైనా అనుకున్నాడా?

ఇంటికి వెళ్లేసరికి పెళ్లాం రామలక్ష్మి కొత్త పంచె మడత విప్పి దండెం మీద వేసింది. కాగితం నలగకుండా ప్లాస్టిక్ కవరు కూడా సిద్ధం చేసింది.

"నాను సూపించను," అన్నాడు రాజబాబు, కాళ్లు కడుక్కుంటూ.

రామలక్ష్మి అర్థం కానట్టు చూసింది. "ఏటి సూపించవు?"

"పేపరు. నాను సూపిస్తే వచ్చే ఏడాది నుంచి అందరూ సూపించాల. సూపించలేనోలు ఉంటారు కదే."

"ఎవులున్నారు?"

"ఎవులో ఒకలుంటారు."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తొమ్మిదేళ్ల కిందట ఈ సంగతి చెప్పిన రోజున కూడా అలాగే చూసింది. అప్పుడు వదిలి వెళ్లలేదు, ఇప్పుడు ఎవరని గుచ్చి అడగలేదు. కానీ కవరు బల్ల మీద పడేసి ఏడ్చింది. "ఆ దినమొక్కటే కదా నువ్వు తలెత్తుకునేది. అది కూడా ఇచ్చీస్తావా?"

"ఇచ్చీసినట్టు కాదే. తప్పు అడిగితే తప్పని సెప్పాల కదా ఎవులైనా. నా కాగితం బాగున్నాదని నాను ఊరుకుంటే, ఆలు అడిగింది నాయమే అయిపోతాది."

ఇంత పెద్ద మాట తనే అన్నాడా అని అతనికే వింతగా ఉంది. రామలక్ష్మి ముక్కు చీదుకుని వెళ్లి అన్నం పెట్టింది. ఇద్దరికీ ముద్ద దిగలేదు.

*

ఆదివారం తెల్లవారేసరికి అన్నం వార్చేసారు. నాలుగు గుండిగల అన్నం కొత్త చాపల మీద గుట్టలు పోసి, పసుపూ పచ్చినూనే చల్లారు. ఆవిరి దూలాల దాకా లేస్తోంది. వేడి మీదే కలపాలి, చల్లారితే ఆవ పట్టదు. తొమ్మిదింటికి నైవేద్యం. రాజబాబు స్నానం చేసి, కొత్త పంచెతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తెచ్చావా?" అన్నారు వాసుదేవరావుగారు చెయ్యి చాపి.

"లేదు బాబూ."

"మర్చిపోయావా? ఎవర్నైనా పంపుదాం, ఇంట్లో ఎక్కడుందో చెప్పు."

"మరిసిపోలేదు. పేపరు ఏదీ లేదు బాబూ. ఇంక తేను కూడా. ఇరవై ఏళ్లు తిన్నారు నా సేతి కూడు. కలపమంటే కలుపుతాను, వద్దంటే ఇక్కడ కూకుంటాను. అన్నానికి పేపరు మాత్రం అడక్కండి, నన్నూ అడక్కండి, ఇంకెవుల్నీ అడక్కండి."

కమిటీవాళ్లు గొణుక్కున్నారు. లెక్క బాగోలేదన్నమాట, అందుకే తేలేదు అన్నారొకరు, వినబడేలాగే. తల కొట్టేసినట్టయింది రాజబాబుకి. కాగితం చొక్కా జేబులోనే ఉంది, తీసి ముఖాన కొట్టినట్టు చూపించొచ్చు. చెయ్యి జేబు దాకా వెళ్లింది కూడా. అక్కడే ఆపుకున్నాడు. కుళాయి దగ్గర నుంచి పద్మిని చూస్తోంది. ఆ కాగితం ఉందనీ, దాని మీద ఏం రాసి ఉందనీ ఆ వంటశాలలో తెలిసింది ఆమె ఒక్కదానికే.

వాసుదేవరావుగారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చివరికి, "నన్ను ఇరకాటంలో పెట్టావయ్యా," అని, జోగిని పిలిచి కలపమన్నారు. జోగి కట్టెలు కొట్టే మనిషి. చెయ్యి పెట్టబోయి ఆవిరి వేడికే కెవ్వుమని వెనక్కి లాగేసుకున్నాడు. ఇంకొకాయన ముందుకొచ్చాడు గానీ చింతపండు గుజ్జు ఎంత పొయ్యాలో తెలీదు, గిన్నెతో ఒకచోట పోసేస్తే అక్కడంతా ముద్దయింది. గడియారం ఎనిమిది దాటింది. ఆవిరి తగ్గుతోంది. రాజబాబు గుమ్మం మెట్టు మీద కూర్చుని ఆ అన్నాన్ని చూస్తున్నాడు. తన బిడ్డని ఎవరో తప్పుగా ఎత్తుకుంటే చూస్తూ కూర్చున్నట్టుంది అతనికి.

అప్పుడు పద్మిని లేచింది. కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంది. చీర కొంగు నడుముకి దోపుకుని, ఎవర్నీ అడక్కుండా వచ్చి చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "నాను కలుపుతాను. పదేళ్లుగా సూస్తన్నాను కదా," అంది.

ఎవరూ కాదనలేదు. వేళ మించిపోతోంది, ఎవరో ఒకరు కలిపితే చాలు. వాసుదేవరావుగారైతే, "కానీ అమ్మా, కానీ," అన్నారు.

ఒక్క మనిషే వద్దనబోయాడు. రాజబాబు.

ఆమె చూపుడువేలికి మిషను సూది దిగిన చోట గుడ్డపేలిక చుట్టి ఉంది. అది విప్పేసి పక్కన పెట్టింది. ఆ వేలి మీద అతని చూపు పడింది. నాలుగు వేల మూడొందలు అన్న అంకె గబుక్కున నోటి దాకా వచ్చింది. మెట్టు మీద నుంచి సగం లేచాడు. అన్నం అనుకున్నాడు, ఆరొందల మంది అనుకున్నాడు, పిల్లలు అనుకున్నాడు. పద్మిని తలెత్తి అతన్ని చూసింది.

తొమ్మిదేళ్లుగా గోడ మీద బోర్డు చదివినవాడు. నిన్న పెళ్లానికీ, ఇందాక కమిటీకీ న్యాయం చెప్పినవాడు. అతని ఒంట్లోనే ఉంది ఆ భయం, ఎవరూ చెప్పకుండా, ఎవరూ నేర్పకుండా, ఎర్ర ముద్ర కాగితం పక్కనే కూర్చుని ఉంది. రాజబాబుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సయామ మాట గుర్తు చేసుకున్నాడు, సున్నా అయినా రాదు, లక్ష అయినా రాదు. ఒకసారి కాదు, మూడుసార్లు తనలో తను అనుకున్నాడు. అలా అనుకుంటూనే మెల్లిగా కూర్చున్నాడు.

"అడుగు నుంచి ఎత్తమ్మా," అన్నాడు. "పైది కిందకి తొయ్యకు. అడుగుది పైకి తే. మెతుకు ఇరగకూడదు."

ఆమె చేతులు వేడి అన్నంలోకి దిగాయి. ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది, తియ్యలేదు. "అరిసెయ్యి తిప్పు. అద్గదీ. గుజ్జు ఇప్పుడు, పల్చగా, గోడవార నుంచి రా." అతను మెట్టు మీద నుంచి చెబుతున్నాడు, ఆమె చేస్తోంది. పోపు పోయించి, ఆవ ముద్ద జారవిడిచి, కలుపుతుంటే చేతులు మోచేతుల దాకా పసుపయ్యాయి. "ఉప్పు ఎలా తెలుస్తాదన్నా?" అంది. "వంగి వాసన సూడు. ముక్కు కొనకి పులుపు ముందొస్తే ఉప్పు సాలనట్టు." ఆమె వంగి, కళ్లు మూసుకుని పీల్చి, ఇంకో గుప్పెడు ఉప్పు చల్లింది. రాజబాబుకి ఆ గుప్పెడు చూస్తే కడుపు నిండిపోయింది. తనైనా అంతే వేసేవాడు.

తొమ్మిదింటికి గంటలు మోగాయి. నైవేద్యం అయింది. జనం బారులు తీరి తిన్నారు. వాసుదేవరావుగారు రెండోసారి పెట్టించుకుని, పద్మినిని పిలిపించి అందరి ముందూ అన్నారు. "బాగా కుదిరిందమ్మా. వచ్చే ఏడు కూడా నువ్వే కలపాలి. మాటివ్వు." ఆమెని ఏ పేపరూ అడగలేదు. ఉదయం అంత రభస అయ్యాక మీటింగులో ఆ రూలు ఎత్తే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

రాజబాబు వంటశాల వెనక అరుగు మీద ఒక్కడూ కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల పనీ చేతిలోంచి జారిపోయింది. బాధగానే ఉంది, కాదని ఎవరనగలరు. పద్మిని ఆకులో పులిహోర పట్టుకుని వచ్చింది. అతని చేతికి ఇవ్వలేదు. అరుగు మీద, రెండు మూరల దూరంలో పెట్టి, వెనక్కి తగ్గి నిలబడింది.

"మీరు లేసినప్పుడు సూసినానన్నా," అంది. "పరవాలేదు. తినకపోయినా నానేటీ అనుకోను."

రాజబాబు తలెత్తలేకపోయాడు. "బయపడ్డానమ్మా. నాను కూడా. నిన్ను ఆపీద్దునే. సూసినావు కదా, నా బతుకెంతో."

అతను అరచెయ్యి చాపాడు.

"ఆకు కాదు. నీ సేత్తో పెట్టు."

పద్మిని కాసేపు అలాగే నిలబడింది. తరవాత వచ్చి పక్కన కూర్చుని, పసుపు ఇంకా వదలని వేళ్లతో ఒక ముద్ద తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తుడుచుకోలేదు. ఆమె అతని నోటి వైపే చూస్తోంది, పరీక్ష కాగితం కోసం చూసినట్టు.

"ఆవ కొంచెం ఎక్కువైపోయింది," అన్నాడు రాజబాబు, రెండో ముద్దకి చెయ్యి చాపుతూ. "వచ్చే ఏడు తగ్గించు."